పదమూడు ఇళ్లు చూసిన చీర

ఇల్లు కొనేవాళ్లు ఇంటిని ఎలా చూస్తారో యాభై ఏళ్లుగా అశోక్‌నగర్‌లో గమనిస్తున్నాను. ఒకరు కొళాయి తిప్పి చూస్తారు. ఒకరు జేబులోంచి దిక్సూచి తీస్తారు. పుచ్చకాయను బేరం చేసినట్టు గోడ మీద వేళ్లతో కొట్టి చెవి పెట్టిన మనిషిని కూడా చూశాను. మొత్తం పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు వాయిదాలు కడతారు. ప్రభావతి పద్ధతి వేరు. ఆమె ఆ ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని ఒక చీరకి ఫాల్ కుడుతుంది.

ప్రభావతికి చిక్కడపల్లిలో ఫాల్, పీకో దుకాణం ఉంది. ఒక మ్యాచింగ్ సెంటర్ మెట్ల కింద మిగిలిపోయిన చోటును దుకాణం అనవచ్చునంటే, అది దుకాణమే. అందులో ఒక పీకో మిషన్, ఒక స్టూలు, ప్రభావతి పడతారు. వచ్చినవాళ్లు బయట నిలబడాలి. అయినా ఇరవై ఏడేళ్లుగా నారాయణగూడ నుంచి ముషీరాబాద్ దాకా ఎవరింట్లో పెళ్లయినా చీరలు ముందుగా ఆమె దగ్గరికే వెళ్తాయి. ఆమె చేత్తో కుట్టిన ఫాల్ ఊడదు. ఒకసారి చౌరస్తాలో ఒకావిడ కుచ్చిళ్లు ఆటో చక్రంలో ఇరుక్కుంటే చీర చిరగలేదు, ఫాల్ ఊడలేదు, చక్రమే ఊడి దొర్లుకుంటూ వెళ్లిపోయింది. చక్రం దగ్గరికి వచ్చేసరికి నా మనవరాలు రాగిణి, "తాతా, కొంచెం తగ్గించు" అంటుంది. సరే, చక్రం ఊడలేదు, ఆటో ఆగింది. ఫాల్ ఊడని మాట మాత్రం నిజం.

ఆమె, భర్త విద్యాసాగర్ ఇద్దరూ చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవారు. ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పోయిన వేసవిలో ఇంటి ఓనరు ఆ ఇల్లు బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాడు. దసరాలోగా ఖాళీ చేయమన్నాడు. ఇన్నేళ్లూ దాచుకున్నది బయటికి తీసి సొంత ఇల్లే కొనుక్కుందామని ఇద్దరూ అనుకున్నారు. ఎక్కడ అన్న దగ్గరే పేచీ వచ్చింది. విద్యాసాగర్ ఘట్‌కేసర్ అవతల కడుతున్న ఒక గేటెడ్ కమ్యూనిటీ కాగితం తెచ్చాడు. దాని మీద నీలం రంగు స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఉంది.

"మీకు ఈత వస్తదా?" అని అడిగింది ప్రభావతి.

"రాదు."

"నాకు వస్తదా?"

"నీకూ రాదు."

"మరి గా నీళ్లల్ల ఎవరిని ముంచుతరు?"

"నడిచేటందుకు మంచి బాట కూడ ఉందే," అన్నాడాయన.

"ఉంటే ఉండనీ. గా బాట నా మిషన్ కాడికి వస్తదా?"

ఆమె కోరిక అదొక్కటే. ఇంటి నుంచి దుకాణానికి నడిచి వెళ్లాలి. ఘట్‌కేసర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి షట్టర్ తీసేసరికి మధ్యాహ్నం అవుతుంది. సాయంత్రం పెళ్లికి కట్టుకోవాల్సిన చీర పట్టుకుని ఎవరూ మధ్యాహ్నం దాకా నిలబడరు, పక్క సందులో ఇంకొకరిని వెతుక్కుంటారు. ఆ ఊరు వెళ్తే దుకాణం ఆర్నెల్లలో మూతపడుతుందని ఆమెకు తెలుసు. విద్యాసాగర్‌కూ తెలుసు గనుక కొంత గడువిచ్చాడు. పన్నెండు ఇళ్లు చూసి పన్నెండూ వద్దన్నాక ఆయన ఓపిక అయిపోయింది.

"ఐతారం దాకా ఆగుత," అన్నాడు. "గప్పటికి నీకు నచ్చింది దొరకకపోతే ఆడ టోకెన్ పైసలు ఇచ్చేస్త."

"ఇయ్యుండ్రి," అందామె. మాట అంటే మాటే.

ఇక ఆ చీర సంగతి. అది నారాయణపేట చీర, నెమలికంఠం రంగు, ఎర్ర అంచు. సొంత ఇల్లు అనే ఆలోచన మొదటిసారి వచ్చిన ఏడు కొనుక్కుంది. గృహప్రవేశం రోజున కడతానని పదకొండేళ్లు మడత విప్పలేదు. మొదటి ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు తాళం చెవి రావడం ఆలస్యమైంది. ఊరికే కూర్చోవడం చేతకాక, అక్కడే మెట్ల మీద ఆ చీరకి ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు పూర్తయ్యేలోగా ఆ ఇంటికి నీళ్లు ఎప్పుడొస్తాయో, ఎవరు ఎవరితో మాట్లాడరో, ఏ గోడ వెనక ఎవరు గురక పెడతారో అన్నీ తెలిసిపోయాయి. ఇల్లు వద్దనుకుని ఇంటికి వచ్చి కుట్లు విప్పేసింది. అప్పటి నుంచి ఇంటికొక ఫాల్. నచ్చకపోతే విప్పడం, మళ్లీ ఇంకో ఇంటి దగ్గర కుట్టడం.

"వేరే చీర తీస్కపోరాదా?" అని నేనే అడిగాను.

"మందిది అయితే నా ధ్యాస చీర మీద ఉంటది సార్. నాదైతే ఇంటి మీద ఉంటది," అంది.

కాచిగూడలో చూసిన ఇంటికి స్టేషన్ మైకు చక్కగా వినిపిస్తుంది. ఫాల్ పూర్తిచేసి ఇంటికి వచ్చాక విద్యాసాగర్ టీ అడిగితే, "దయచేసి వినండి, టీ పదిహేను నిమిషాలు ఆలస్యంగా వస్తుంది" అందట. నారాయణగూడలో ఫ్లైఓవర్‌కి ఆనుకున్న ఫ్లాటు ఇంకా ఘోరం. ఆమె కుడుతుండగా ట్రాఫిక్‌లో ఒక బస్సు ఆగింది. కిటికీ పక్కన కూర్చున్నాయన వంటింట్లోకి తల పెట్టి, "పప్పుల ఉప్పు తగ్గిందమ్మా" అని చెప్పి వెళ్లాడు. దోమలగూడలో వాన పడింది. పక్కనున్న మురుగు నాలా నీళ్లు మెట్లెక్కుతుంటే ఆమె ఒక్కో మెట్టు పైకి జరుగుతూ కుట్టింది. ఫాల్ అయ్యేసరికి టెర్రస్ మీద ఉంది.

వీటన్నిటికీ తిప్పినవాడు బ్రోకర్ నాగేందర్. పాపం మంచివాడు.

"ప్రభక్కా, ఇల్లు కొంటున్నవా, ఫాల్ కుడుతున్నవా? ఒక్కొక్క ఇంటికాడ గంటన్నర కూసుంటే ఎట్లక్కా?"

"నువ్వు పోయి చాయ్ తాగి రా తమ్మీ."

"పన్నెండు ఇండ్లకు చాయ్‌లు తాగి తాగి షుగర్ వచ్చిందక్కా నాకు!"

పదమూడో ఇల్లు మా మణిదీప్ అపార్ట్‌మెంట్‌లోది. రెండో అంతస్తు, సరిగ్గా మా నెత్తిన. శ్రీరామమూర్తి గారిది. ఆయనా, భార్య కుసుమ గారూ తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ నలభై ఏళ్లయింది. మా భవనానికి లిఫ్టు లేదు. కుసుమ గారి మోకాళ్లు మెట్లకు ఒప్పుకోవడం లేదని దోమలగూడలో లిఫ్టున్న ఫ్లాటు చూసుకున్నారు, నాలా లేని వైపు. శ్రీరామమూర్తి గారు పంతొమ్మిదేళ్లుగా మా అసోసియేషన్ కార్యదర్శి. వేరెవరూ ఆ పని ఒప్పుకోరు. ఆయన చేతి రాతతో మెట్ల దగ్గర ఒక బోర్డు ఉంది: "ఈ భవనంలో హాస్టళ్లకు అనుమతి లేదు. వ్యాపారాలకు అనుమతి లేదు. — కార్యదర్శి."

శనివారం. ఇల్లు చూసే పార్టీ పదింటికి వస్తుందని నాగేందర్ చెప్పి ఉంచాడు. ప్రభావతి పొద్దున ఐదింటికే వచ్చి రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుంది. సందుకి అవతల, ఎదురు భవనంలో గ్రూప్స్ పరీక్షలకి చదివేవాళ్ల స్టడీ హాల్. దాని గుమ్మం ముందు కుప్పపడ్డ చెప్పులు చూసి, ఇక్కడ గోల భరించలేమని ఇంతకుముందు రెండు పార్టీలు వెనక్కి వెళ్లాయి. వాళ్లు చెప్పులు చూశారు గాని చెవులు పెట్టలేదు. లోపల నూటయాభై మంది ఉన్నా పేజీ తిప్పిన చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. అంత నిశ్శబ్దం నేను పనిచేసిన కాన్వెంటు బడిలో, మదర్ సుపీరియర్ నడవాలో కనబడ్డ రోజునే ఎరుగుదును. ప్రభావతి సూది ఆపి ఒక నిమిషం వింది, ఆఖరి ఇల్లు గనుక ఈసారి ఏ తొందరా లేకుండా, తృప్తిగా మళ్లీ కుట్టుకుంది.

ఏడింటికి మూడో అంతస్తు విజయశ్రీ పాల ప్యాకెట్లతో వచ్చి ఆగిపోయింది. "అయ్యో, చిక్కడపల్లి ప్రభక్క గదా! మా మెట్ల మీద కుడుతున్నవా? ఆగక్కా, నాది ఒకటుంది." అంతే. అరగంటలో కబురు భవనమంతా పాకింది. తొమ్మిదయ్యేసరికి ఆమె పక్కన ఏడు చీరలు. మా ఆవిడ రెండు పట్టుకెళ్లింది. నా పంచె కూడా తీసుకెళ్లబోతే ఆపాను.

పార్కులో నడక ముగించుకుని శ్రీరామమూర్తి గారు మెట్లెక్కి వచ్చారు. చీరల గుట్ట చూసి ముఖం ఎర్రబడింది.

"ఏమమ్మా, ఇదేవన్నా బజారనుకున్నారా? మెట్ల మీద కొట్టు పెట్టేశారు!"

"కొట్టు పెట్టలేదన్నా, కూసున్న."

"కూర్చుంటే ఏడు చీరలొచ్చేస్తాయా? కింద బోర్డు చూడలేదూ? చదువొచ్చా మీకు?"

ప్రభావతి తల ఎత్తలేదు. "వస్తదన్నా. వ్యాపారాలు వద్దని రాసిన్రు, చదివిన. దాని మీద ఇంకో లైనుంది. గది మీరు చదివిన్రా?"

"నేను రాసిందే కదమ్మా! హాస్టళ్లకి అనుమతి లేదు."

"మరి ఎనిమిదింటికి మీ ఇంటికి ఒకాయన మంచాలు చేసే వడ్లాయనను తోల్కొని వచ్చి కొలతలు తీస్కపోయిండు. హాల్ల ఆరు, రెండు రూములల్ల ఆరారు, కింద మీద. మొత్తం పద్దెనిమిది."

"మా ఇల్లు కొంటానన్న ఫణికిరణ్ గారా? ఆయనది పెద్ద కుటుంబం అండీ. ఆయనే చెప్పారు."

"ఎంత పెద్దదైతే ఏందన్నా? అందరికీ ఆరు బై రెండున్నరేనా? ఇరవై ఏడేండ్ల సంది టేపు పట్టిన. ఒక్క ఇంట్ల అందరూ ఒక్క కొలత ఉండుడు నేను చూడలే."

మెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్లందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఉన్న సంపు పది ఇళ్లకే చాలదు, ఇంకా పద్దెనిమిది మందా? కుసుమ గారు తలుపు దగ్గరికి వచ్చారు.

"నేనప్పుడే అన్నానండీ. ఆయన వంటిల్లు ఎటుందని ఒక్క ముక్క అడగలేదు. బాత్రూములు మాత్రం నాలుగు సార్లు చూశాడు."

అప్పుడే నాగేందర్ రొప్పుకుంటూ వచ్చాడు. "సార్, పార్టీ ఇంకా... ప్రభక్కా! నువ్వెప్పుడొచ్చినవ్? సార్, పార్టీ గీమెనే!"

శ్రీరామమూర్తి గారు ఆమెనూ చీరలనూ మార్చి మార్చి చూశారు. "మీరా? అయ్యయ్యో, చదువొచ్చా అని అడిగేశానే!"

"పోనియ్యన్నా. నేనైతే ఏం అడగ. మంజీర నీళ్లు ఐదున్నరకు వస్తయి. సంపు మూత వంకరపోయింది. పైన ఆయన ఆరింటికి పదకొండు సార్లు తుమ్ముతడు. మీ కింది అంతస్తు పెద్దమనిషి పేపర్ల లేని సంగతులు కలిపి భార్యకు చదివి వినిపిస్తడు."

ఆ కింది అంతస్తు పెద్దమనిషి ఎవరో నేను చెప్పను.

శ్రీరామమూర్తి గారు గొంతు తగ్గించారు. "అమ్మా, దాపరికం ఎందుకు? ఆయన మీకంటే రెండు లక్షలు ఎక్కువిస్తానన్నాడు. సాయంత్రం టోకెన్ తెస్తాడు."

"నేను ఇయ్యలేనన్నా. నాగేందర్‌తోని చెప్పిందే నా మాట." ప్రభావతి ఏడు చీరలూ మెట్టు మీద వరుసగా సర్దింది. "ఇల్లు నాకైతే ఇవి రేపు సాయంత్రానికి తయారు చేస్త. కాకపోతే అక్కలూ, ఇప్పుడే తీస్కపోండ్రి. రేపే మా ఆయన ఘట్‌కేసర్‌ల టోకెన్ ఇస్తడు. గాడికి పోయినంక నా దుకాణం ఉండది, నేను ఫాల్ కుట్టుడూ ఉండది."

ఎవరూ చీర తీసుకోలేదు. అందరూ కార్యదర్శి గారి వైపే చూశారు.

"ఏవండీ," అన్నారు కుసుమ గారు, "అందులో ఆకుపచ్చది నాది. విజయశ్రీ చేత ఇప్పించాను. రేపు సాయంత్రం పేరంటానికి కట్టుకోవాలి."

శ్రీరామమూర్తి గారు మెట్లు దిగి బోర్డు దగ్గరికి వెళ్లారు. కండువాతో దుమ్ము తుడిచి, తన సంతకం తానే చదువుకున్నారు. పంతొమ్మిదేళ్లలో ఆ బోర్డు చూపించి ఎంతమందిని వెనక్కి పంపారో మాకందరికీ తెలుసు. నన్ను కూడా ఒకసారి పంపారు, హోమియో మందులిస్తానన్నప్పుడు. మళ్లీ పైకి వచ్చి, "రెండు లక్షల కోసం నా రాత నేనే చెరుపుకోనా? మీ మాటే ఖాయం చేద్దాం. ఏమంటారు?" అన్నారు.

"జర ఆగుండ్రి," అంది ప్రభావతి. "ఇంక జానెడుంది."

అమ్మేవాడూ, బ్రోకరూ, ఏడు చీరల ఆడవాళ్లూ మెట్ల మీద ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఆమె ఒక్కో కుట్టూ వేస్తూ చెవి ఒగ్గి విన్నది. స్టడీ హాల్లో ఎవరో పేజీ తిప్పారు. కింద కూరగాయల బండివాడు బెండకాయ అని అరిచాడు. పైన ఆయన పన్నెండోసారి తుమ్మాడు. దారం పళ్లతో కొరికి, సూది బ్లౌజు చేతికి గుచ్చుకుని, అప్పుడు లేచింది.

"కొంట."

నాగేందర్ మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె ఫోన్ తీసి భర్తతో ఒక్క మాటే చెప్పింది: "ఈత బంద్."

సాయంత్రం ఫణికిరణ్ స్వీట్ డబ్బాతో వచ్చాడు. శ్రీరామమూర్తి గారు ఆయన్ను నేరుగా బోర్డు దాకా నడిపించారు. డబ్బా మాత్రం కుసుమ గారు ఉంచేసుకున్నారు.

నవరాత్రుల్లో, దసరాకి వారం ముందు గృహప్రవేశం. ప్రభావతి నారాయణపేట చీర కట్టుకుని పాలు పొంగించింది. కిటికీలోంచి పడ్డ ఎండలో అంచు పొడుగునా సన్నటి చిల్లులు మెరిశాయి, చీమలు బారులు కట్టినట్టు. కుసుమ గారు వంగి చూశారు.

"కొత్త చీరేనా అమ్మా? ఇన్ని చిల్లులేంటి?"

"గవన్నీ నేను వద్దన్న ఇండ్లమ్మా," అంది ప్రభావతి.

విస్తళ్లు ఎత్తగానే, విద్యాసాగర్ అరుస్తున్నా వినకుండా, అదే చీరతో దుకాణం తీయడానికి బయల్దేరింది. పెళ్లిళ్ల రోజులు కావు గాని పండగ రోజులు. నేను వెనకాలే వెళ్లి అడుగులు లెక్కపెట్టాను. మా గేటు నుంచి ఆమె మిషన్ దాకా ఎనిమిది వందల నలభై. రాగిణి నమ్మక, మర్నాడు తానే ఆమె వెంట నడిచి లెక్కపెట్టుకుంది. నేను చెప్పినదానికి పన్నెండు ఎక్కువే వచ్చాయట. పుట్టాక మొదటిసారి నేనొక సంగతి తగ్గించి చెప్పాను.