అనుములు వేసిన పెద్దకూర

పొద్దున కోదాడలో మా కోడలు ఎండుమిరపకాయలు, ధనియాలు పెనం మీద వేయిస్తుంటే ఆ ఘాటు వరండాలో ఉన్న నాదాకా వచ్చి, కళ్లు చెమ్మగిల్లి, చేతిలోని పేపరు మీది అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. ఆ మసకలోంచి సూర్యాపేటలో మేం కిరాయికున్న పెంకుటిల్లు, దాని వెనక పెరడు, పొగమంచులో నీడలా మెసిలే మా నాయినమ్మ ఒక్కొక్కటిగా తేలివచ్చాయి.

నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. రజాకార్ల భయం తీరి, జనం మళ్లీ వాకిళ్లలో మంటలేసుకుని చలి కాచుకుంటున్న కాలం. నాయిన సర్కారు బడిలో పంతులు. ఆయన తెల్లచొక్కా, మెత్తటి మాట చూసి ఇంటామె మేం ఎవరమో, ఏం తింటామో అడగలేదు. మేమూ చెప్పలేదు. ఊరి నడుమ మాకు ఇల్లు దొరకడమే గగనం కాబట్టి నాయిన ఆ ఇంట్లో పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, వండనిచ్చేవాడు కాదు. చూస్తే మేం ఎవరమో తెలిసిపోతుందని, నేరేడుచర్ల దగ్గరి పల్లెలో ఉండే నాయినమ్మను రమ్మనేవాడూ కాదు.

ఆ చలికాలం నాయినకు జ్వరం వచ్చి, రోజుల తరబడి మెతుకు ముట్టకపోతే, అమ్మ కబురు పంపింది. నాయినమ్మ ఎడ్లబండి దిగి మూట విప్పితే అందులో అనుముల గింజలు, ఎండలో దండేనికి ఆరేసి ఎండబెట్టిన పెద్దకూర తునకలు ఉన్నాయి. ముసలామె ఎవరని ఇంటామె గోడ మీదుగా అడిగితే, అమ్మ భయపడి తెలిసినామె అంది. నాయినమ్మ అది విని, మూట తీసుకుని లోపలికి వచ్చింది.

రాత్రంతా నానిన అనుములను, కడిగిన తునకలను మర్నాడు నాయినమ్మ మట్టికుండలో వేసి, రోట్లో దంచిన కారం, ఎల్లిగడ్డ, ఎండుకొబ్బరి కలిపి, తుమ్మకట్టెల మంట మీద పెట్టింది.

"వద్దమ్మా, వాసనొస్తది," అన్నాడు నాయిన చాప మీంచి.

"రానియ్. నీ నోరు సచ్చింది, కొడుకా. కారంగ ఇంత తింటె లేస్తవ్."

కుండ కుతకుతమంటుంటే ఎర్రటి నూనె అంచుల్లో తేలి, ఆ వాసన పెంకుల సందుల్లోంచి లేచి, పొగతో కలిసి మధ్యాహ్నపు ఎండలో వీధంతా పరుచుకుంది. నేను గోడకు ఆనుకుని కలగంటున్నట్టు పీలుస్తూ కూర్చున్నాను.

అప్పుడే ఇంటామె ఇత్తడిగిన్నెతో వచ్చింది.

"ఏం కూర, పిల్లా? గింత కమ్మగ వాసనొస్తాంది."

"అనుములమ్మా," అంది అమ్మ.

"జర నాకింత పెట్టు."

అమ్మ గరిటె అందుకుంది. నాయిన గొంగడి కప్పుకుని, గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"పెట్టకు," అన్నాడు అమ్మతో. ఇంటామె వైపు తిరిగి, "అండ్ల పెద్దకూర ఉందమ్మా. మేం తింటం. గీమె మా అమ్మ," అన్నాడు.

ఇంటామె చాచిన గిన్నె వెనక్కి తీసుకుంది. "నువ్ చెప్పకుంటె తినేదాన్ని, పంతులూ," అంది మెల్లగా. గిన్నె కొంగు కింద పెట్టుకుని, "అమాస దాటినంక ఇల్లు ఖాళీ చేయిండ్రి," అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం నాయిన జొన్నరొట్టెతో తిన్నాడు. కారానికి ముక్కూ కళ్లూ కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాడు. నాయినమ్మ ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. ఆ తరవాత ఊరి చివర మావాళ్ల వాడకు మారాం. అక్కడ వాన పడితే కారే గుడిసె, దూరం నుంచి మోసుకురావాల్సిన నీళ్లు. అయినా వంటింటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది, నాయినమ్మ మాతోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, అక్కడ దుకాణాలు లేచాయి. దండేలకు తునకలు ఆరేసే పెరళ్లు లేవు, కాకుల్ని తోలుతూ కర్ర పట్టుకుని దండేల కింద కూర్చునే ముసలివాళ్లూ లేరు. ఇంటివాళ్ల ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు. మొన్న మిర్యాలగూడలో గది చూడబోయిన మా మనవణ్ని ఏం తింటారని అడిగారట. వాడు దాచకుండా చెప్పి, ఇంకో వీధిలో వెతుక్కుంటున్నాడు.