చుక్కల మందుకు త్రైరాశికం

పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు, పచ్చకర్పూరం. మూడూ సమంగా తూచి ఒక సీసాలో వేస్తే చుక్క నీరు పోయకుండానే కరిగి నీళ్లవుతాయి. పంతొమ్మిది వందల అరవైల చివర్లో, పాతపట్నం సంతలో సరుకు కొని ఆ వింత మొదటిసారి చూసినప్పుడు, నలభై దాటిన మనిషిని, అరుగు మీద ఒక్కడినే చప్పట్లు కొట్టాను. కంసాలి త్రాసు అడిగి తెచ్చి గురివింద గింజలతో తూచాను. ఒక్కొక్కటి పన్నెండు గింజల ఎత్తు.

కడుపుబ్బరానికి గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు వేయమన్నాడు అమ్మినాయన. మోతాదు మించితే కర్పూరం విషమనీ, సీసాను పసిపిల్లల ముక్కు దగ్గరికి తేవద్దనీ హెచ్చరించాడు. అన్నీ పుస్తకంలో రాసుకున్నాను. నేను బడికి వెళ్లి లెక్కలు నేర్చినవాణ్ణి కాదు. ఇంతకు ఇంతైతే అంతకు ఎంత అనే త్రైరాశికం సొంతంగా పట్టుబడ్డాక, అది పనిచేయని చోటు లోకంలో ఉందని నమ్మలేదు.

మా అక్క మొగుడు తప్పెటగుళ్ల జట్టుకు పెద్ద. రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని, పాట ఎత్తి, గంతులేస్తూ పద్నాలుగు మందిని ఆడించాలి. ఆ ఏడు జాతరలో పక్క ఊరి జట్టుతో పోటీ మధ్యాహ్నం మూడింటికి. ఆ పొద్దున్నే బావ పనసకాయ కూర, పదకొండు గారెలు తిని, మంటంటూ ఛాతీ పట్టుకున్నాడు. తప్పెట ఆనేది సరిగ్గా ఆ మంట మీదే. ఆయన కట్టకపోతే పాట ఎత్తేవాడు లేడు, ఆటే లేదు.

"ఒరే బామ్మర్దీ, నీ సీసా ఇలా తే!"

రెండు చుక్కలిచ్చాను. "సల్లగున్నాది," అన్నాడు. గంట తిరక్కుండా మళ్లీ మంట. రెండు చుక్కలకు గంట హాయి అయితే, ఆట ముగిసేదాకా ఎనిమిది గంటలకు పదహారు చుక్కలు. కానీ కర్పూరం ఉంది. నేను జాగ్రత్త గలవాణ్ణి. ఇంకో రెండు చుక్కలతో ఆపి, మిగతా పన్నెండుకు బదులు చెంబుడు పుదీనా కషాయం కాచాను. అందులో కర్పూరం లేదు కదా!

బావ గ్లాసు తరవాత గ్లాసు తాగాడు. నేను గంటగంటకూ త్రేన్పులు లెక్క రాశాను. మూడు. ఏడు. పన్నెండు.

అక్క వచ్చి, "ఏటిరా రాస్తన్నావు?" అంది. చదివి వినిపించాను.

"మందు పెరిగితే తేనుపులు తగ్గాల గదేటి? పెరుగుతన్నాయేటి?"

"లెక్కలో తప్పు లేదక్కా."

"లెక్క తప్పు కాదురా, మందే తప్పు! ఉబ్బరానికిచ్చీది మంటకిస్తావేటి? నా కడుపున పిల్లలున్నప్పుడు ఇదే మంట. పుదీనా నమిల్తే నిప్పు గొంతుకాడికొచ్చీది."

"ముందే సెప్పొచ్చు గదే!" అని బావ అరవబోతే పదమూడోది వచ్చింది.

"నన్నెవులడిగారు? నీకు నీ బామ్మర్దే డాక్టరు!"

కషాయం గొడ్ల తొట్టి పక్కన పారబోసింది. బావను పడుకోనివ్వకుండా గోడకు ఆనించి కూర్చోబెట్టి, పలచటి చోడి అంబలి, అదే రాగి జావ, కొంచెం కొంచెంగా తాగించింది. సీసా మీద నా చేతే "మంటకు కాదు" అని రాయించి అంటించింది. నా పుస్తకంలో అంకెలు దిగడం మొదలుపెట్టాయి. ఎనిమిది. నాలుగు. రెండు. ఒక్కొక్క అంకెకూ అక్కా నేనూ పిల్లల్లా కేకలు పెట్టాం.

మూడింటికి బావ తప్పెట బిగించాడు. వేళ్లతో ఒకసారి తట్టి చూసి, "మంట నేదు!" అని గాల్లోకి లేచాడు. పాట ఎత్తాడు. జట్టు అందుకోవలసిన చోట, ఊరంతా వినేట్టు, ఒక త్రేన్పు. పద్నాలుగు మందీ అలవాటు కొద్దీ "హోయ్!" అని దానికే బదులిచ్చి ఒక్కసారిగా గంతేశారు. జనం నవ్వి నవ్వి నేల మీద కూలబడి, ఆ చరణమే మళ్లీ పాడమన్నారు.

పుస్తకం తీసి రాశాను. మూడు గంటలు: ఒకటి.