సొన్నమ్మ కాపాడిన పురుగులు

మొగుడు చాంపియన్ రీఫ్స్ బంగారు గని పనిలో ఉంటే, లక్కూరులో సేద్యమంతా సొన్నమ్మదే. పొద్దున్నే చెంగు నడుముకు దోపి, రాగి చేలో ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూసేది. ఆ ఏడు ఆకుల అడుగున పేనుబంక ముసిరి, చేను పాలిపోసాగింది. మరిది ఓబలప్ప మందు డబ్బా భుజానికెత్తుకొని వచ్చినాడు.

"నాలుగు దినాలు ఆగప్పా. అక్షింతల పురుగులు దండిగా దిగినాయి. పేన్లను తినేది అవే. మందు కొడితే అవీ చస్తాయి" అంటూ ఆమె గట్టుమీద అడ్డం నిలబడింది.

"చేను పోతే?"

"తప్పు నాదేనని ఊరంతా చెప్పు."

ఆ నాలుగు దినాలూ ఆమెకు నిద్ర లేదు. ఐదోనాడు ఓబలప్పే ఆకులు తిప్పినాడు. పేన్లు దాదాపు లేవు, ఎర్రటి పురుగులే తిరుగుతుండాయి.

"వదినా, పక్క చేలోళ్లను పిలుచుకొస్తా, నువ్వే చూపించు" అన్నాడు.

సాయంత్రానికి పదిమంది రైతులు వంగి, సొన్నమ్మ వేలు పెట్టిన ఆకునే చూస్తుండారు.