జీనమ్మ విస్తరి

కింది వాటాలో ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే ఆ వాసన మెట్ల మీదుగా మా గదిలోకి వస్తుంది. అప్పుడు చదువుతున్న పుస్తకం మూసేస్తాను, అమ్మ గుర్తొస్తుంది. చేపల వాసనకి తల్లి గుర్తుకు రావడం విశాఖపట్నంలో వింతేమీ కాదు. కాని మా అమ్మ స్కాట్లండ్ మనిషి. ఓడలు కట్టే ఊళ్ళో పుట్టింది. పని నేర్చుకోవడానికి అక్కడికి వెళ్ళిన మా నాన్నని పెళ్ళి చేసుకుని, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చింది. నాన్నది గోదావరి జిల్లా, పోర్టులో ఇంజనీరు. అమ్మ పేరు జీన్. ముందు పోర్టు క్వార్టర్స్‌లోనూ, తర్వాత గాజువాకలోనూ అందరూ జీనమ్మగారు అనేవారు. తొంభై ఒకటో ఏట, పోయిన వేసవిలో, ఉదయం కాఫీ తాగి, పక్కింటావిడతో ఏదో చెప్పి నవ్వి, కుర్చీలోనే పోయింది. సంతోషంగా బతికిన మనిషి అని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. పెద్దకర్మ నాటి నుంచి మాత్రం నాకు ఏదీ స్పష్టంగా లేదు.

అమ్మ తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. చేపల తట్టతో మొదట తల్లి వెంటా, తర్వాత ఒక్కతీ మా ఇంటికి వచ్చే నూకాలు దగ్గర నేర్చుకున్నది. అందుకే నాన్న గోదావరి మాటకీ అమ్మ మాటకీ పొంతన ఉండేది కాదు. నేను బడికి తయారవుతుంటే గుమ్మం దగ్గర వాళ్ళ బేరం వినిపించేది.

"ఏటే నూకాలూ, ఈ సేపలు నిన్నటివా, మొన్నటివా?"

"కళ్ళెదర గెంతుతుంటే మొన్నటివంటావేటమ్మా! ముందు నీ కళ్ళజోడు మార్పించు."

"నాను మార్పిస్తాను గానీ, నువ్వా తట్ట దించి లోపలికి రా. ఉప్మా సల్లారిపోతంది."

బేరం తేలకుండానే ఇద్దరూ వంటింట్లో పీటలు వేసుకుని కూర్చునేవారు. అమ్మకి ఏది పెట్టినా "బావుంది" అనేది. మొదటిసారి మా నాయనమ్మ చేతి గోంగూర పచ్చడి తిని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా నవ్వుతూ "బావుంది" అందట. అది మర్యాదకి అన్నదని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే మారు వడ్డించుకుంది.

నాకు పదేళ్ళప్పుడు నాన్న ఒక స్కాట్లండ్ ఓడ ఇంజనీరుని భోజనానికి తీసుకొచ్చారు. ఆయనది అమ్మ ఊరికి దగ్గరే. వెన్నతో చేసిన బిస్కట్ల డబ్బా తెచ్చాడు. ఇద్దరూ వాళ్ళ ఊరి మాటలో గంటసేపు మాట్లాడుకున్నారు. అమ్మ అంత వేగంగా మాట్లాడగలదని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన వెళ్ళాక క్వార్టర్స్ పిల్లలందరినీ పిలిచి డబ్బా మొత్తం పంచేసింది. తను ఒక్కటి కూడా నోట పెట్టుకోలేదు.

"నీకు వద్దా అమ్మా?"

"నాను సిన్నప్పుడే సాలా తినీసాను లేరా."

ఇష్టం లేక తినలేదా, తింటే తట్టుకోలేననుకుందా? ఇప్పటికీ తేల్చుకోలేను. అప్పుడైతే నేను రెండో బిస్కట్ కోసం చెయ్యి చాపాను, అంతే.

పెద్దకర్మకి ముందురోజు పంతులుగారు, "అమ్మగారికి బాగా ఇష్టమైనది చేయించి విస్తరిలో పెట్టండి బాబూ. తృప్తి పడితే కాకి ముడుతుంది," అన్నారు. అరవై నాలుగేళ్ళు ఆమె కొడుకుగా ఉన్నాను. ఏది ఇష్టమో ఏనాడూ అడగలేదు.

రాజమండ్రి నుంచి వచ్చిన మా మేనత్త, "మా వదినకి నా చేతి పనసపొట్టు కూరంటే ప్రాణంరా," అంది.

నూకాలుకి ఇప్పుడు ఎనభై దగ్గరపడ్డాయి. గుమ్మంలో కూర్చున్నదల్లా అందుకుంది. "పనసపొట్టేటి? నాను నెత్తళ్ళ ఇగురు ఒండితే గిన్నె నాకేసీది. నాకు తెల్దేటి?"

"నువ్వు అమ్ముకునేదే ఆవిడకి ఇష్టం, అంతేగా?"

"నువ్వొండిందే ఇష్టమని నువ్వు అనట్లేదేటి మరి?"

నా భార్య సుజాత మెల్లగా, "నా పప్పుచారు అనుకున్నానండీ నేను," అంది.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను కలవరపెట్టింది. అందరి దగ్గరా మారు వడ్డించుకున్న మనిషికి అసలు సొంత ఇష్టమంటూ ఉండేదా? లేక తన వాళ్ళు లేని ఊళ్ళో నెగ్గుకు రావడానికి నేర్చుకున్న అలవాటేనా ఆ సంతోషం? అలా అయితే మేమంతా ఎవరిని ప్రేమించాం?

చివరికి మూడూ వండించాను. మేడ మీద పిట్టగోడ పక్కన విస్తరి పెట్టి, కాకి రావడానికి అందరం దూరంగా నిలబడ్డాం. అరగంట అయింది. కాకులు పక్క మేడ మీద కూర్చుని చూశాయి గాని రాలేదు. "ఏదో కోరిక మిగిలిపోయిందిరా," అని అత్త కొంగు కళ్ళకి అద్దుకుంది. నాకు బిస్కట్ల డబ్బా గుర్తొచ్చింది. అదే పెట్టవలసిందేమో. ఇప్పుడు ఎక్కడి నుంచి తేను?

నూకాలు గోడ పట్టుకుని లేచింది.

"ఏటి బాబూ, అందరూ దూరంగా నిల్చుని గుడ్లప్పగించి సూత్తంటే మీ అమ్మ తింటాదా? ఆ మడిసి ఎప్పుడేనా ఒక్కర్తీ తిన్నాదా? నాను కూకోకపోతే ముద్దెత్తీది కాదు."

పంతులుగారు ఏదో అనబోయారు. నూకాలు అప్పటికే విస్తరికి బారెడు దూరంలో చతికిలబడింది. "రా బాబూ, కూకో. నాకూ ఇంత అన్నం ఎయ్యండి."

నేను వెళ్ళి కూర్చున్నాను. సుజాత రెండు ఆకులు వేసి వడ్డించింది. నాలుగు ముద్దలు తిని తల ఎత్తేసరికి అమ్మ విస్తరిలో అన్నం ఒక పక్క చెదిరి ఉంది. కాకి ముట్టిందో, గాలికి ఆకు కదిలిందో నేను చూడలేదు. ఏది ముట్టిందని అత్త అడిగితే నూకాలు, "అన్నీనూ," అంది. నాకు నమ్మకం లేదు. అలాగని కాదనలేను. మనుషులంటే ఇష్టంతో అమ్మ అందరినీ పక్కన కూర్చోబెట్టుకుందో, ఒంటరిగా తినాలంటే భయపడిందో కూడా నాకు తెలియదు.

ఇంతకాలం నేను తిని లేచాకే సుజాత తినేది. ఇప్పుడు తను కూర్చునేదాకా నేను అన్నం కలపను. మొదటి వారం తనకి విసుగ్గా ఉండేది. ఒక మధ్యాహ్నం తన కంచంలో కాకరకాయ వేపుడు లేదని చూశాను.

"నీకు ఇష్టం లేదా?"

"ఎప్పుడూ లేదండీ. మీకని చేస్తాను."

మాకు పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు.

"మరి నీకు ఏది ఇష్టం?"

సుజాత చాలాసేపు ఆలోచించింది. నేను కంచంలోంచి చెయ్యి తీసి ఆగాను.