ముప్ఫైనాలుగో పేజీ

బస్టాండులో టికెట్ల కిటికీకీ టీ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉన్న సమాచార కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ఒకే కుర్చీ అరగదీసింది ఆవిడ. అసలు పేరు జీతం చీటీ మీద ఉంటుంది. ఊళ్లో అందరూ పిలిచేది మాత్రం ముప్ఫైనాలుగావిడ అని. కొత్తవాళ్లు అది వయసేమో అనుకుని, ఆవిడ నెరిసిన జుట్టు చూసి, ఎందుకొచ్చిన గొడవని నోరు మూసుకునేవారు. ఆ కేంద్రం ఏటా వేసవికి ముందు ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఊరికే పంచుతుంది. అందులో ముప్ఫైనాలుగో పేజీ ఆవిడది. చుట్టుపక్కల పల్లెల్లో చిన్నా పెద్దా కలిపి నలభై దాకా సరస్సులున్నాయి. వాటి ఒడ్డున డేరాలు వేసుకుని నాలుగు రోజులు గడిపిపోయే క్యాంపులున్నాయి. కుక్కను వెంటబెట్టుకొచ్చినవాళ్లను ఆ క్యాంపుల్లో ఏవి రానిస్తాయో చెప్పేది ఆ పేజీ.

దేశాలు తిరిగినవాణ్ణి ఎవణ్ణైనా అడిగి చూడండి. దారి తెలియదన్నవాడి వల్ల ఎవడూ చెడిపోలేదనీ, తెలియకుండానే చెయ్యి చాపి చూపించినవాడి వల్లే జనం అడవులపాలయ్యారనీ చెబుతాడు. ఆవిడ ఈ రెండు జాతుల్లోనూ చేరదు. తెలియదు అన్న మాట నోట్లోంచి వచ్చిందంటే, అది తెలుసుకునేదాకా ముద్ద దిగని మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన చిన్న కుక్కను చంకలో పెట్టుకొచ్చి, "దీన్ని రానిచ్చే క్యాంపు ఏదమ్మా?" అని అడిగాడు. తెలియదంది. ఆయన కోప్పడలేదు. తల పైకెత్తి బోర్డు చూసి, "సమాచార కేంద్రం," అని నెమ్మదిగా చదువుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

మొదట ఫోన్లు చేసింది. ఫోనులో లోకమంతా కుక్కల మీద ప్రేమే. "అయ్యో, తెచ్చుకోమనండి, మాకూ పిల్లల్లాంటివే," అన్న పెద్దమనిషే, తీరా కుక్క బండి దిగేసరికి, "ఇంత పెద్దదని చెప్పలేదే," అంటాడు. నాలుగు ఫిర్యాదులు వచ్చాక ఆవిడకు తత్వం బోధపడింది. చెవితో విన్నది రాయకూడదు, కుక్కతో వెళ్లి చూసిందే రాయాలి. కానీ ఆవిడకు కుక్క లేదు. ఉన్నది మేడ మీద ఒక అద్దె గది, మెట్ల కింద ఇంటి యజమాని. అందుకని టీ కొట్టు వెనక ఇస్త్రీ ఆయన దగ్గర కుక్కను అరువు తెచ్చుకునేది. ఇప్పటిది ఆయన పెంచినవాటిలో మూడోది. నల్లగా దూడంత ఉంటుంది. ఎవరు ఎదురొచ్చినా యావజ్జీవం వేయబోతున్నట్టు చూస్తుంది కాబట్టి దాని పేరు జడ్జిగారు.

ఆవిడ పెట్టే పరీక్ష ఒక్కటే. మాటలన్నీ అయ్యాక కుక్కను నీళ్లలోకి వదిలేది. అది కాసేపు ఈది, ఒడ్డెక్కి, క్యాంపు యజమాని పక్కనే నిలబడి ఒళ్లు దులుపుకునేది. అప్పుడు ఆవిడ ఆ యజమాని మొహం చూసేది. కుక్క ఒంటి మీది బురదనీళ్లు చిమ్మిన ఆ క్షణంలో మొహం అబద్ధమాడలేదు. నవ్వినవాళ్లు పేజీ ఎక్కారు. పళ్లు బిగబట్టి నవ్వినవాళ్లు ఎక్కలేదు.

మొదటి ఏడు పంతొమ్మిది పేర్లు. ఆ తర్వాత పోనుపోను పదిహేను, పదకొండు, ఎనిమిది. పోయినేడు మూడు.

ఈ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడు. చెడ్డ కబురు చెప్పేముందు కుర్చీ చూపించే రకం.

"మేడమ్, ఆ పేజీలో ఒక్కటైనా లేకపోతే ఎత్తేద్దాం. ఖాళీ పేజీకి కాగితం దండగ కదా. పదిహేనో తారీఖున అచ్చుకి పోవాలి."

"ఉంటుంది," అంది ఆవిడ.

"ఎన్ని ఉంటాయి?"

"ఉంటుంది అన్నానుగా బాబూ."

ఆ పేజీ పోయినంత మాత్రాన ఆవిడ జీతం పోదు, కుర్చీ పోదు. కానీ తన వెనక ఏం మిగిలిందని చూసుకునే వయసు ఒకటి వస్తుంది. కొందరికి ఇల్లు కనబడుతుంది, కొందరికి పిల్లలు కనబడతారు. ఆవిడకు కనబడేది అరచేతి వెడల్పు కాగితం. అదీ ఏడాదికోసారి పాతబడేది.

ఆదివారం జడ్జిగారిని తీసుకుని బస్సెక్కింది. కండక్టరు ఎప్పటి మనిషే.

"పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, ఏటా ఏంటమ్మా ఈ కుక్క?"

"వాగింది చాలు, దానికీ టికెట్ కొట్టు."

పోయినేటి మూడింట్లో మొదటి క్యాంపు గేటుకి బోర్డు వేలాడుతోంది. అక్షరాలు లేవు, కుక్క బొమ్మ, దాని మీద ఎర్రగీత. బొమ్మ గీసినవాడికి కుక్కంటే ఇష్టమై ఉండాలి, తోక చాలా ముద్దుగా తిప్పాడు. ఆ గీత మాత్రం వేరెవరో కొట్టినట్టుంది. లోకంలోని బోర్డులన్నీ పోగేసి చూస్తే, రమ్మనేవాటికన్నా రావద్దనేవే ఎక్కువ తేలతాయి. మనిషి రాయడం నేర్చుకున్నదే పక్కవాణ్ణి ఆపడానికేమో. రెండో క్యాంపు ఉన్నచోట హోటలు లేస్తోంది. అక్కడి కాపలావాడు జడ్జిగారి వంక చూశాడు, జడ్జిగారు వాడి వంక చూసింది. అడగాల్సిన పని లేకపోయింది.

మూడోది రిటైరైన లెక్కల మాస్టారి క్యాంపు. ఆయనే పేజీకెక్కిన మొదటి పేరు. ఆయన గేటుకీ అదే బొమ్మ ఉంది.

"మీరు కూడానా మాస్టారూ?"

"కూర్చోండమ్మా. దాన్నీ కూర్చోమనండి. నిరుడు ఒక్కరోజున ఇక్కడ ఎన్ని కుక్కలున్నాయో తెలుసా? అరవై ఒకటి. నాకున్నది పన్నెండు డేరాల చోటు."

"అన్ని ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"మీ పేజీలోంచి."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"పూర్వం ప్రతి చెరువు దగ్గరా ఒకటో రెండో కుక్కలుండేవి. ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఎవరూ వద్దనేవాళ్లూ కాదు. మీరొచ్చి రానిస్తారా అని అడిగారు. అడిగారు కాబట్టి అందరూ ఆలోచించాల్సొచ్చింది. సగం మంది ఎందుకులే అని వద్దన్నారు. దాంతో కుక్కలన్నీ ఒప్పుకున్నవాళ్ల మీద పడ్డాయి. వాళ్లలో ఒకడు విసిగి తలుపేస్తే, వాడి వాటా మిగతావాళ్ల నెత్తికెక్కింది. భాగహారమమ్మా ఇది. పంచుకునేవాళ్లు తగ్గినకొద్దీ..."

"చాల్లెండి మాస్టారూ. నేను లెక్కల్లో తప్పినదాన్నే, కానీ ఇంత అర్థమవుతుంది."

"మీరు మంచికే చేశారు," అన్నాడాయన. "అదే చిక్కు."

జడ్జిగారు లేచి నీళ్లవైపు రెండడుగులు వేసింది. మాస్టారు గొలుసు పట్టుకుని ఆపి, ఆవిడ వంక చూడకుండా, "క్షమించండి," అన్నాడు.

ఇక మిగిలింది ఒకే ఒక్క చోటు. ఇన్నేళ్లలో ఆవిడ పరీక్షించనిది, వదిన క్యాంపు. అన్నయ్య బతికున్న రోజుల్లో, "మాది కూడా రాయవే," అని అడిగాడు. అయినవాళ్ల పేరు రాస్తే నలుగురూ నోరు చేసుకుంటారని ఆవిడ రాయలేదు. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. వదిన ఊరుకునే రకం కాదు. ఆడపడుచు నిజాయితీకి తామే బలిమేకలమని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. అన్నయ్య పోయిన తర్వాత రాకపోకలు ఫోనులోకి, ఫోను కూడా నెలకోసారికి దిగాయి.

వదిన సరస్సు అన్నిట్లోకీ చిన్నది. బస్సు దిగి రెండు మైళ్లు మట్టిబాటన నడవాలి. రేకుల ఇల్లు, ఎనిమిది డేరాల చోటు, నీళ్లు కొట్టుకునే పంపు, బోర్లించిన పడవ. డేరా ఒక్కటీ లేదు. మెట్టు మీద కూర్చుని వదిన చిరిగిన వల అల్లుతోంది. ఆమె పాదాల మీద గోధుమరంగు కుక్క పడుకుని ఉంది. అది జడ్జిగారిని చూసి కూడా లేవలేదు. దాని పేరు సోమరి.

"దారి తప్పావా అమ్మాయ్?"

"నిన్ను చూద్దామనే వచ్చాను వదినా."

"కుక్కను వెంటేసుకొచ్చావంటే తనిఖీకి వచ్చినట్టు. అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో అంటారు. నువ్వు మాకు ఆకు కూడా వెయ్యలేదు. ఇప్పుడు కంచాలన్నీ అయిపోయాయా?"

"అయిపోయాయి," అంది ఆవిడ. మెట్టు మీద పక్కన కూర్చుని అంతా చెప్పింది. మేనేజరు పెట్టిన గడువు చెప్పింది. మాస్టారి భాగహారమూ చెప్పింది, దాచలేదు.

"రానీ," అంది వదిన. "ఈ ఏడు ఇంతవరకూ నాలుగు డేరాలు పడ్డాయి. ఇలాగే ఉంటే చలికాలానికి తాళం వెయ్యడమే. మీ అన్నయ్య పోయాక నేనూ ఇదీ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకునీ చూసుకునీ, చివరికి దీనికి నా పోలికలు వచ్చాయి."

"పేజీ మొత్తానికి నీ పేరు ఒక్కటే ఉంటుంది వదినా. అందరూ ఇక్కడికే వస్తారు."

"చలికి వణికేవాడికి నిప్పంటుకుంటుందని భయం చెప్పకు. రాయి."

ఆవిడ జడ్జిగారిని నీళ్లలోకి వదిలింది. అది అటు ఈది, ఇటు ఈది, వచ్చి వదిన ముందే నిలబడి తోక నుంచి ముక్కుదాకా ఒళ్లు దులుపుకుంది. వదిన మొహమంతా నీళ్లు. మోచేత్తో తుడుచుకుంటూ, "ఈ మధ్య నా మీద ఇంత శ్రద్ధ ఎవరూ చూపించలేదు," అని నవ్వింది. అంత నికార్సయిన నవ్వు పంతొమ్మిది మందిలోనూ ఆవిడ చూడలేదు.

తిరుగు బస్సులో మాస్టారి మాటలు గుర్తుకు రాకపోలేదు. వదినే రాయమంది కదా అని సర్దిచెప్పుకుంది. అందులో సగం నిజముంది. మిగతా సగం పదిహేనో తారీఖు.

వేసవి మొదటి నెలలో వదిన ఫోను రోజు విడిచి రోజు మోగింది. "అమ్మాయ్, నిన్న పదమూడు డేరాలు. పంపు దగ్గర వరస కట్టారు. నీ పేజీ చల్లగుండ." రెండో నెలలో, "బాటకి రెండు పక్కలా బళ్లే, మనిషి నడవడానికి లేదు," అంది, ఇంకా నవ్వుతూనే. ఆ తర్వాత ఫోను మోగలేదు. కబుర్లు మాత్రం కౌంటరు దాకా నడిచొచ్చాయి. కుక్కలు కొట్టుకున్నాయట. విడదీయబోయిన ఒకాయన చెయ్యి చీరుకుపోయిందట. అవతలి గట్టు రైతు బాతుల్లో తొమ్మిది చచ్చాయట. నీళ్లు వాసనేస్తున్నాయట. సరస్సుల మీద అజమాయిషీ ఉన్న సంఘంవాళ్లు ముగ్గురు వచ్చి, ముక్కుకి గుడ్డ కట్టుకుని చుట్టూ తిరిగి, ఉత్తర్వు రాసిచ్చి పోయారు. ఆ గట్టు మీద ఇకనుంచి కుక్క ఉండకూడదు. గొలుసుతో ఉన్నా, లేకున్నా. వచ్చినవాళ్లదైనా, ఉన్నవాళ్లదైనా.

మేనేజరు కుర్చీ చూపించాడు. "మేడమ్, మిగిలిన పుస్తకాల్లో ఆ పేరు మీద తెల్లకాగితం అంటించేద్దాం. ఎవరైనా చూసి అక్కడికి వెళితే మనల్నంటారు."

ఆవిడ మూడు కట్టలు సంచీలో వేసుకుని, జిగురు సీసా పట్టుకుని బస్సెక్కింది. అంటించే పని ఎక్కడ చేసినా ఒకటే. వదిన దగ్గర కూర్చోవడానికి సాకు కావాలి.

సోమరిని వంటగదిలో కట్టేసింది వదిన. దాని గొలుసు గుమ్మం దాకా వస్తుంది, మెట్టు దాకా రాదు. తొమ్మిదేళ్లుగా ఏ పనీ చెయ్యని కుక్క, ఇప్పుడు గుమ్మంలో నిలబడి నీళ్లవైపు చూడటమే పనిగా పెట్టుకుంది.

"ఇది ఇక్కడే పుట్టింది కదా వదినా. అది చెప్పలేకపోయావా?"

"చెప్పాను. నా కుక్క కూడా కుక్కేనట."

సోమరికి చోటు కోసం ఆవిడ అప్పటికే తన ప్రయత్నం తాను చేసింది. ఇంటి యజమానిని అడిగితే, "మా ఇల్లు కూడా మీ పేజీలో ఉందా అమ్మా?" అని తలుపేసుకున్నాడు. ఇస్త్రీ ఆయన సరేనన్నాడు గాని, జడ్జిగారు ఇంకో కుక్కను గుమ్మం తొక్కనివ్వదు. తెలిసినవాళ్లందరి దగ్గరా తిరిగింది. ఇరవై రెండేళ్లు ఊళ్లవాళ్ల కుక్కలకు చోటు వెతికిన మనిషికి, ఈ ఒక్కదానికి చోటు దొరకలేదు.

"సోమవారం బండి వస్తుందట," అంది వదిన. "పట్నంలో ఏదో షెల్టరు. మంచి చోటేనన్నారు."

"వెళ్లి చూశావా?"

"లేదు. ఫోనులో అన్నారు."

ఆవిడ తల వంచుకుంది. "నన్ను తిట్టు వదినా," అంది.

"తిడితే నీకు తేలికవుతుంది. నాకేం ఒరుగుతుంది? ఆ కట్ట విప్పు."

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. వదిన తన పేరు మీద జిగురు రాసి పుస్తకం ఇటు జరిపేది. ఆవిడ కాగితం ముక్క పెట్టి బొటనవేలితో నొక్కేది. బయట పంపు కారుతోంది. డేరాల చోటంతా మేకులు పీకిన గుంటలు. మొదటి కట్ట అయ్యేసరికి సోమరి నిలబడి నిలబడి గుమ్మంలోనే పడుకుంది. వదిన ఆరిన పుస్తకం ఒకటి తీసి, ముప్ఫైనాలుగో పేజీ కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది.

"కింద పేరు కనబడుతోంది అమ్మాయ్. ఇంకో ముక్క వెయ్యి."

ఆవిడ ఆ పుస్తకం తీసుకుని రెండో ముక్క అంటించింది. తర్వాత, అయిపోయిన కట్టను మళ్లీ ముందుకు లాక్కుని, మొదటినుంచీ మొదలుపెట్టింది.