గడియ వేసిన తమ్ముడు

తలుపు లోపలినుంచి గడియ పడిన చప్పుడు ఇస్త్రీ అక్క తన చెవులతో తాను వింది. ఎదురుగా వీధిలో ఇనప కడ్డీ పట్టుకుని ముక్కూమొహం తెలియని మనిషి. వెనక మూసుకున్న తలుపు. మూసింది పరాయివాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేది. మూసినవాడు తోడబుట్టినవాడు. తల్లి పోయేనాటికి లాగు తొడుక్కోవడం కూడా సరిగా రానివాణ్ణి చంకనేసుకుని, ముద్దలు కలిపి పెట్టి, తన పెళ్లి ఊసెత్తిన ప్రతివాళ్లకీ “వీణ్ణి కాస్త ఎదగనివ్వండి” అని చెప్పి చెప్పి, చివరికి అడిగేవాళ్లే లేకుండా పోయేదాకా పెంచుకున్న తమ్ముడు. లోకంలో నా అని చెప్పుకోడానికి ఆమెకి మిగిలింది వాడొక్కడే.

మూడంతస్తుల ఇల్లొకటి, దాని మెట్ల కింద ఏటవాలు జాగాలో ఆమె బల్ల. బల్ల వెనక ఆ తలుపు, తలుపు వెనక ఒకటే గది. వంటా, పడకా, బట్టల మూటలూ అన్నీ అందులోనే. కరెంటు పెట్టె కొనుక్కోమని ఎందరు చెప్పినా వినలేదు. “కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. బొగ్గులు నా మీద ఎప్పుడూ అలగలేదు” అనేది. ఆమె పనికి ఒక పద్ధతుంది. ఏ ఇంటి బట్టకైనా కాలరు లోపల ఆ ఇంటి రంగు దారంతో చిన్న కుట్టు. మూడో అంతస్తు మేష్టారిది నీలం. ఎదురుగా టీ కొట్టు బాబాయిది ఎరుపు. ఎన్ని మూటలు కలిసిపోయినా ఒకరి గుడ్డ ఒకరికి వెళ్లిన పాపాన పోలేదు. గుండీ ఊడితే అడక్కుండానే కుట్టేది, చిరుగుంటే కనబడకుండా మాసికేసేది. “నా దగ్గర చిరిగినా నాదే తప్పు, మీ ఇంట్లో చిరిగొచ్చినా నాదే తప్పు. ఆ నింద పడేకంటే సూది పట్టుకోవడం సులువు” అని నవ్వేది.

తమ్ముడి పద్ధతి వేరు. వీధిలో వాణ్ణి దొర అనేవాళ్లు. పొద్దువాలితే మడతల్లోంచి ఒక మంచి జత ఏరి తొడుక్కుని, వీధి చివర ఎవరో స్నేహితుడి బండి అడిగి తీసుకుని షికారుకి బయల్దేరేవాడు. వచ్చాక నీళ్లు చిలకరించి, రుద్ది, ఎక్కడిదక్కడ పెట్టేవాడు. “ఏరా దొరా, ఇవాళ ఎవరింటి అల్లుడివి? బనీనైనా నీదేనా?” అని టీ కొట్టు బాబాయి అరిస్తే, దొర కాలరు సవరించుకుని మరీ నడిచేవాడు. అక్క ఒకసారి పట్టుకుని చీవాట్లు పెట్టింది. ఒట్టేశాడు, ఇంకెప్పుడూ ముట్టనన్నాడు. నమ్మింది. వాణ్ణి నమ్మడం తప్ప ఆమెకి వేరే దురలవాటు లేదు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే మూట విప్పితే మేష్టారి గళ్ల చొక్కాకి జేబు సగం లేదు. బల్ల అంచున ఒక మేకు పైకి లేచి ఉంది. దానికే తగులుకుని చిరిగిందనుకుంది. ఆ మేకు కొట్టమని తమ్ముడికి చెప్తూనే ఉంది, వాడు రేపు రేపంటూనే ఉన్నాడు. ఇంకెవర్ని అంటుంది? చొక్కా వెనక అంచు మడత విప్పి, అందులోంచి ముక్క కత్తిరించి, గడికి గడి కలిసేలా కొత్త జేబు కుట్టింది.

తమ్ముడు పక్కనే నిలబడి అద్దంలో తల దువ్వుకుంటున్నాడు.

“ఎంత బాగా కుట్టావక్కా! మేష్టారు రెండు కళ్లజోళ్లు పెట్టుకున్నా కనిపెట్టలేడు.”

“పొగిడింది చాలు. ముందా మేకు సంగతి చూడు.”

“చూస్తాలే. ఇవాళే కొట్టేస్తా.”

ఎన్నడూ లేనిది ఆ రోజు నిజంగానే కొట్టాడు. అక్క సంతోషించింది. తమ్ముడికి బాధ్యత తెలిసొచ్చిందనుకుంది.

మర్నాడు ఆ మనిషి వచ్చాడు. అతను వీధి వీధీ తిరుగుతూ, కనబడిన ప్రతి ఇస్త్రీ బల్ల దగ్గరా ఆగి, ఒక గుడ్డముక్క చూపించి అడుగుతున్నాడట. అక్కకి అది తెలియదు. ఆమె మేష్టారి చొక్కానే పరిచి పెట్టె లాగుతోంది. అతను వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చొక్కా వైపు చూశాడు, చేతిలో ముక్క వైపు చూశాడు, పెట్టె పక్కకి జరగ్గానే ముక్కని జేబు మీద పెట్టాడు. గడికి గడి కలిసింది.

“ఎవరిదమ్మా ఈ చొక్కా?”

“ఎందుకు బాబూ?”

“ఎందుకో వాడికి చెప్తా. ఎవరిది?” కడ్డీతో బల్ల మీద ఒక్కటిచ్చాడు. బొగ్గుల పెట్టె ఎగిరిపడింది. టీ కొట్టు దగ్గర కబుర్లు ఆగిపోయాయి. గ్లాసులు మాత్రం ఎవరూ దించలేదు. తాగుతూ చూడ్డానికి అంతకంటే మంచి చోటు దొరకదు మరి.

“మా నాన్న బోర్డులు రాస్తాడు” అన్నాడతను. “రోడ్డు దాటుతుంటే ఈ చొక్కావాడు బండితో గుద్దాడు. కుడి మణికట్టు విరిగింది. ఇంక కుంచె పట్టుకోగలడో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. కిందపడ్డ ముసలాడు ‘లేపు బాబూ’ అని జేబు పట్టుకుంటే, విదిలించుకుని పోయాడు. జేబు మా నాన్న చేతిలో ఉండిపోయింది.”

అక్కకి ముందు అర్థం కాలేదు. మేష్టారికి బండి ఎక్కడిది? ఆయన మెట్లు దిగడానికే గోడ పట్టుకుంటాడు. అప్పుడే వెనక గదిలో దువ్వెన కిందపడింది. ఆ వెంటనే గడియ పడింది.

అప్పుడు అర్థమైంది. మేకు ఎందుకు కొట్టాడో కూడా అర్థమైంది, చిరుగు నింద దాని మీదే ఉండిపోవాలని.

“పైగా దీన్ని కుట్టి దాచావు. అంటే నీకంతా తెలుసు. వాడికి నువ్వు తోడు” అన్నాడతను.

“చిరిగితే కుట్టాను. నా పనే అది.”

“ఎవరి కోసం కుట్టావు?”

అక్క నోరు విప్పేలోపు తలుపు వెనకనుంచి గొంతు వినబడింది. “ఆ చొక్కా మూడో అంతస్తు మేష్టారిది! మాకేం సంబంధం లేదు!”

ఆ మనిషి తలెత్తి మెట్ల వైపు చూశాడు. అది మేష్టారు బడికి దిగే వేళ. పైన తలుపు మూసి తాళం పెడుతున్న చప్పుడు అయింది కూడా. అతను కడ్డీ చెయ్యి మార్చుకుని మెట్ల మొదటికి నడిచాడు.

అక్క పరుగున వెళ్లి మెట్లకి అడ్డంగా నిలబడింది. చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉంది.

“జరుగు.”

“ఆ చొక్కా రెండురోజులుగా నా దగ్గరుంది బాబూ. మేష్టారి ఒంటి మీద లేదు. నా దగ్గరున్న గుడ్డకి నాదే పూచీ. అడిగేదేదో నన్నడుగు.”

“అయితే నీ దగ్గర్నుంచి తీసుకెళ్లిందెవడు?”

మేష్టారి పేరు చెప్తే అన్యాయం. తమ్ముడి పేరు చెప్తే ఆ పల్చటి తలుపు ఒక్క తన్నుకి ఊడుతుంది. చెప్పకుండా నిలబడితే తనకేమవుతుందో ఆమె ఆలోచించుకోలేదు. తన గురించి ఆలోచించుకునే అలవాటు చిన్నప్పుడే తప్పిపోయింది.

“చెప్పవా? నీ బతుకు వీధిలో పారేస్తా చూడు!” అని అతను బల్లని కాలితో తన్నాడు. మడతలన్నీ మురుగు కాలవ వైపు జారాయి. తెల్లవీ రంగువీ కుప్పగా పడుతుంటే అక్క ఒక చేత్తో పట్టుకోబోయింది. రెండో చేతిలో పెట్టె పట్టుతప్పి జారి ఆ కుప్ప మీదికే పడబోయింది. ఇంకెవరైనా అయితే వెనక్కి గెంతేవాళ్లు. ఇస్త్రీ చేసేవాళ్లకి బట్ట ముందు, ఒళ్లు తర్వాత. ఆమె ఉత్త అరచెయ్యి కింద పెట్టి, నిప్పులా కాలుతున్న పెట్టెని అడుగుపట్టున ఆపి, పక్కకి తోసింది. ఒక్క గుడ్డ కూడా కాలలేదు.

అరిచింది మాత్రం ఆమె కాదు, అతనే.

“అయ్యో! ఏంటమ్మా నువ్వు, పిచ్చిదానివా?” కడ్డీ పారేసి టీ కొట్టుకి పరిగెత్తాడు. అక్కడివాళ్లని తోసుకుని చెంబు లాక్కొచ్చాడు. ఆమెని మెట్టు మీద కూర్చోబెట్టి చేతి మీద నీళ్లు పోశాడు. టీ కొట్టు బాబాయికి అప్పుడు ధైర్యమొచ్చింది. “ఏయ్, ఎవడ్రా నువ్వు?” అన్నాడు, ఉన్నచోటు నుంచి కదలకుండా.

మేష్టారు సంచీ తగిలించుకుని దిగొచ్చాడు. “ఏమైందమ్మా?”

“ఏం లేదు మేష్టారూ. చెయ్యి కాలింది.”

“జాగ్రత్తగా చేసుకోవాలి మరి. నా గళ్ల చొక్కా సాయంత్రానికి కావాలి” అని, కింద పడ్డ తన బట్టల్నే దాటుకుని వెళ్లిపోయాడు.

ఆ మనిషి మేష్టారి వంగిన నడుము చూశాడు. మూసిన తలుపు చూశాడు. చెంబు ఖాళీ అయింది.

“లోపలున్నవాడేనా?” అన్నాడు మెల్లిగా.

“వాడు నా తమ్ముడు. అంతకుమించి నన్నడక్కు నాయనా.”

అతను చెంబు కింద పెట్టాడు. “నీలాంటి అక్క ఉండి కూడా తలుపేసుకున్నాడంటే, వాణ్ణి కొట్టి నేను చేసేదేముందమ్మా” అని, కడ్డీ తీసుకుని వచ్చిన దారినే పోయాడు.

అతని అడుగుల చప్పుడు మలుపు తిరిగాక గడియ తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను.

“పోయాడా?”

చెయ్యి కాలిందా అనలేదు. పోయాడా అన్నాడు.

ఆ రోజు అక్క వాణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే అడిగింది. “ఆ ముసలాయన దగ్గరికెళ్లి నేనే అని ఒక్క మాట చెప్పిరా. నేనూ తోడొస్తా.”

“రేపెళ్దాం అక్కా.”

ఆ రేపు రాలేదు. అక్క కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, ఆ బోర్డులు రాసే ఆయన ఇల్లు వాకబు చేసుకుని ఒక్కతే వెళ్లొచ్చింది. ముసలాయన ఎడంచేత్తో కుర్చీ జరిపి కూర్చోమన్నాడట. తిరిగొచ్చేసరికి మేష్టారు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు, పక్కన తమ్ముడు. వీధిలో చొక్కా సంగతి పొక్కింది, ఆయన వచ్చి నిలదీశాడు. దొర ఏం చెప్పాడంటే, అక్క ఎవరో తెలిసినవాళ్లు అడిగితే ఒక సాయంత్రానికి మీ చొక్కా ఇచ్చింది, వద్దని నేను మొత్తుకున్నా వినలేదు అని.

“నీ దగ్గర్నుంచి ఇది అనుకోలేదమ్మా” అన్నాడు మేష్టారు.

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. వాడు నోరు తెరుస్తాడని చూసింది. వాడు మేకు కొట్టిన చోట వేలితో రాస్తూ నిలబడ్డాడు. ఆమె నీలం దారం బట్టలన్నీ ఏరి, మడత నలగకుండా, ఎడంచేత్తో మేష్టారి చేతికిచ్చింది. ఆయన వెంట ఒక్కో అంతస్తూ కదిలింది.

తమ్ముడు వేరే వెళ్లిపోయాడు. నాలుగు వీధుల అవతల కొట్టు పెట్టాడు, కరెంటు పెట్టెలు, గాజు తలుపు. మేష్టారితో సహా పాత ఇళ్లు చాలామటుకు ఇప్పుడక్కడే. ఇస్త్రీ అక్క మెట్ల కింద అలాగే ఉంది. కుడి అరచెయ్యి పూర్తిగా విప్పుకోదు. పెట్టె ఎడంచేత్తో లాగడం నేర్చుకుంది. మిగిలిన కొద్ది ఇళ్లకి పాత దారాలే సరిపోయాయి.

చివరిసారి వాళ్లిద్దరూ కలిసింది బస్టాండు రేకుల కింద. వాన. తడవకుండా నిలబడ్డ జనంలో పక్కపక్కనే పడ్డారు, తప్పుకునే వీల్లేదు.

“బాగున్నావా అక్కా? ఇంకా ఆ బొగ్గులతోనేనా? నా కొట్టుకొచ్చెయ్, కూర్చోబెట్టి చూసుకుంటా.”

ఆమె వాన చూస్తోంది.

“ఆ రోజు భయమేసిందక్కా. వాడి చేతిలో కడ్డీ ఉంది. ఎవడికైనా భయమేస్తుంది కదా. అదింకా మనసులో పెట్టుకున్నావా?”

అప్పుడు తిరిగి వాడి కళ్లలోకి చూసింది.

“భయపడ్డావని కాదురా. భయమేస్తే వచ్చి నా వెనక నిలబడాల్సింది. నేనేమన్నా తప్పుకునేదాన్నా?”