కుండలు నింపిన రోజు

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయేది. భిలాయిలో ఉద్యోగమంటే ఉక్కు ప్లాంటులో షిఫ్టు, గేటుపాసు, సైరను. నేనేమో రోజూ దుర్గ్ వెళ్ళి, ఒక ఇరుకు ఆఫీసులో కూర్చుని, ఏటేటా ఎండలు ముదిరిపోతుంటే పేదల బస్తీలకు ఏం చెయ్యాలో ప్రభుత్వానికి సలహాలు రాసేదాన్ని. తొంభైలలో ఆ పనికి మా ఊళ్ళో పేరే లేదు. "ఎండల మీద ఏదో రాస్తుంది" అనేసి అమ్మ మాట మార్చేసేది. నాకు ఒళ్ళు మండేది.

రాసినవి ఎవరైనా చదివేవారో లేదో దేవుడికే తెలియాలి. ఒక వేసవిలో మాత్రం చదివారు. మురికికాలవ పక్కనున్న రేకుల ఇళ్ళ బస్తీకి కుళాయి వెయ్యాలని రాశాను. అక్కడివాళ్ళు చాలామంది మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ప్లాంటులో కాంట్రాక్టర్ల కింద కూలి చేసుకునేవాళ్ళు. ఉన్నదొక్కటే చేతిపంపు, అది ఎండలు ముదిరాయంటే గాలి తప్ప నీళ్ళు కక్కదు. కిందటేడు వడదెబ్బకి ఒక పసిపాప పోయింది. ఆ పాప అమ్మమ్మే బస్తీకి పెద్దదిక్కు. ఆవిణ్ణి నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆవిడ కూతురు మళ్ళీ నెలలు నిండి ఉంది. ఆ రేకుల కింద, ఆ ఎండల్లో, నీళ్ళు లేకుండా మళ్ళీ పురుడు.

జిల్లా ఆఫీసు నుంచి ఒక అధికారి స్వయంగా వచ్చి చూస్తాడని కబురొచ్చింది. ఆయన అవునంటే కుళాయి ఈ వేసవిలోనే, కాదంటే మళ్ళీ ఏడాది మాటే. వెంటనే వెళ్ళి అత్తకి చెప్పాను, మీరేమీ చెయ్యక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలన్నాను. తలూపింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. జీపు రాకపోతే? వచ్చినా ఆయన దిగకపోతే? ఆ దిక్కుమాలిన పంపు ఆ ఒక్కపూటా బుద్ధొచ్చి నీళ్ళిస్తే? అమ్మ నా వాలకం చూసి, పెళ్ళిచూపులకైనా ఇంత కంగారు పడలేదు కదే అని దెప్పింది.

మర్నాడు ముందే వెళ్ళాను. సందు మొదట్లోనే కాళ్ళు ఆగిపోయాయి. వాకిళ్ళన్నీ కళ్ళాపి చల్లి ముగ్గులు పెట్టారు. రేకుల మీద తడిపిన గోనెలు పరిచారు. ప్రతి గుమ్మం ముందూ చింతపండుతో తోమిన బిందెలు, కుండలు, అంచుల దాకా నీళ్ళు. తెల్లారకముందే ఆడవాళ్ళంతా టౌన్‌షిప్‌లో తాము పాచిపని చేసే క్వార్టర్లకి వెళ్ళి, ఆ ఇళ్ళ అమ్మగార్లని బతిమాలి మోసుకొచ్చారట. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"అత్తా, ఆయన వచ్చేదే ఖాళీ కుండలు చూడ్డానికి కదా. ఇలా చేశారేటి?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "గుమ్మంలోకి వొచ్చినోడికి కాళీ కుండ ఎదురెట్టమంటావేటి పాపా? మనం మనుసులం కాదేటి?"

సగమైనా లోపల దాచమని కాళ్ళావేళ్ళా పడ్డాను. వచ్చినవాడు కొంపలో నీటిచుక్క లేదనుకుంటే పరువేం కానని ఆవిడ. అనుకోవాలనే నా ఏడుపంతా! ఈలోగా జీపు రానే వచ్చింది.

అధికారి చెడ్డవాడు కాదు. చెమటలు కక్కుకుంటూ సందంతా నడిచాడు. మంచం వాల్చి కూర్చోబెట్టి, అత్త తన చేత్తో నిమ్మకాయ నీళ్ళిచ్చింది. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఇక్కడ నీళ్ళకి ఇబ్బందేమైనా ఉందా అని హిందీలో అడిగాడు. నేను అత్త వైపే చూస్తున్నాను. చెప్పు, తల్లీ, ఒక్కసారి చెప్పు.

అత్త కొంగు సర్దుకుని నిలబడింది. "ఆప్‌కీ దయా సే సబ్ ఠీక్ హై, సాబ్" అంది. తమ దయవల్ల అంతా బాగానే ఉందట!

గుమ్మంలోకొచ్చిన అతిథికి కష్టాలు ఏకరువు పెట్టడం ఆవిడ ఇంటా వంటా లేదు.

జీపు దాకా ఆయన వెంట పరిగెత్తాను. పంపు సంగతి, పోయిన పాప సంగతి, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో, అన్నీ గడగడా చెప్పేశాను. ఓపిగ్గానే విన్నాడు. ఉతై అనే ఊరి దగ్గర ఇంకో బస్తీ చూసొచ్చానని, అక్కడివాళ్ళు ఎండిన కుండలు ముందు పెట్టి ఏడ్చారని అన్నాడు.

"నా చేతిలో ఉన్నది ఒక్క కుళాయి, బేటీ. ఎవరికివ్వమంటావు?" అన్నాడు.

జీపు వెళ్ళిపోయింది. ఆ ఉతై బస్తీ వాళ్ళ మీద కూడా కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

తిరిగొచ్చేసరికి బస్తీలో పండగలా ఉంది. దొర ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచాడని ఆడవాళ్ళు చెప్పుకుని మురిసిపోతున్నారు. అత్త నా చెయ్యి పట్టుకుని గోడవార నీడకి తీసుకెళ్ళింది. కుళాయి అక్కడ వెయ్యమనాలట, అక్కడైతే కూతురు పురిటి మంచం మీంచి దిగిన రోజున కూడా ఎండలోకి వెళ్ళక్కర్లేదట.

చెప్పక చస్తానా.

"వెయ్యరు, అత్తా. మీకు నీళ్ళున్నాయనుకుని వెళ్ళిపోయాడు."

ఆవిడ కోప్పడలేదు. చిన్నపిల్లకి నచ్చచెప్పినట్టు నా భుజం తట్టింది.

"అలాగనుకోడు పాపా. మన సేతి నీళ్ళు తాగి ఎల్లాడు కదా."